నూనె తొట్టికి కట్ట

లింగాల వైపు శ్రోతలు ఈ ప్రసంగము పేరు విని, "చమురు ఒలికినచో సముద్రపు ఒడ్డువారికి బాధ గాని మనకేమి?" అని అనుకొనవచ్చును. నల్లమల అంచున, అచ్చంపేటకు చేరువగా నున్న ఆ ఊరికి ఓడ రాదు, రేవు లేదు, చమురును శుద్ధిచేయు కర్మాగారమును లేదు. అయినను ఈ విషయమును మేము పాలమూరు వారి ముందే పెట్టుటకు ఒక కారణము కలదు. చమురును నిలువ చేయు విద్యలో సగము కట్ట వేయుటలోనే యున్నది. కట్ట యనగా నేమో పాలమూరు వారికి మరియొకరు నేర్పవలసిన పనిలేదు. ఈ ప్రాంతము నుండి పోయిన మట్టిపనివారు దేశము నాలుగు చెరగుల ఆనకట్టలకును కాలువలకును చెమటోడ్చిరి. "పాలమూరు లేబరు" అను మాట గుత్తేదారుల నోట ఎంతగా నానినదో పెద్దలెరుగుదురు.

విచిత్రమేమనగా, మన దేశపు ఆంగ్లమున చెరువునకును, చమురు పోసెడి ఇనుప తొట్టికిని పేరొక్కటే, రెండును ట్యాంకులే. పేరొక్కటియైనట్లే వాని కష్టములును ఒక్క తీరువి. రెండింటికిని కట్ట కావలెను, తూము కావలెను, తూము దగ్గర మెలకువ గల మనిషి కావలెను.

కిరసనాయిలును మన పల్లెలలో గ్యాసునూనె యనుట వాడుక. అది మొదట మన దేశమునకు డబ్బాలలో వచ్చెను. నాలుగు గ్యాలన్ల డబ్బాలను రెండేసి యొక కొయ్యపెట్టెలో నమర్చి అమెరికా నుండి ఓడలలో పంపెడివారు. నూనె ఖర్చయిన పిమ్మట ఆ డబ్బా నీళ్లు మోయుటకు పనికివచ్చెను, గింజలు పోసికొనుటకు పనికివచ్చెను, విప్పి చదును చేసినచో తలుపునకు రేకుగాను పనికివచ్చెను. డబ్బాకు చిల్లి పడిన పోవునది నాలుగు గ్యాలన్లే. ఇంటి యిల్లాలి తిట్లతో ఆ నష్టము తీరిపోయెడిది.

కాని డబ్బాకును పెట్టెకును అగు ఖర్చు వర్తకుని కంటికి మెరమెరలాడుచుండెను. మార్కస్ శామ్యూల్ అను లండను వర్తకుడు నూనెను డబ్బాలు లేకుండ ఓడ కడుపులోనే నింపి తూర్పు దేశములకు తేవలెనని తలపెట్టెను. దీనికి సూయజు కాలువ వారు వెంటనే ఒప్పుకొనలేదు. నూనె ఒలికిన కాలువ పాడగును, అంటుకొన్న కాలువయే మూతబడును అని వారి భయము. ఎండకు నూనె పొంగుటకు, చలికి కుంగుటకు చోటు విడిచి, గదులు గదులుగా ఓడను కట్టించిన మీదటనే అనుమతి దొరకెను. ఆ విధముగా 1892లో మ్యూరెక్స్ అను ఓడ రష్యా కిరసనాయిలుతో సూయజు కాలువ దాటి తూర్పునకు వచ్చెను. చమురు ఒలుకక మునుపే ఒలుకునేమో యని ఆలోచించి, ఓడ కట్టుబడినే మార్పించిన ఆ కాలువ యధికారుల ముందుచూపు, వర్తకుని సాహసమునకు ఏమాత్రము తీసిపోదని మా యభిప్రాయము. చరిత్ర పుస్తకములు వర్తకుని పేరు చెప్పి వారిని మరచినవి.

ఓడ కడుపులో వచ్చిన నూనెను రేవులో దింపుటకు డబ్బాలు చాలవు. అందుచేత తూర్పు రేవులన్నిటను గుండ్రని ఇనుప తొట్లు లేచినవి. డబ్బా నాడు ప్రమాదము డబ్బా యంతదే. తొట్టి నాడు ప్రమాదము తొట్టి యంతది. ఈ భేదము మన వారికి మొదట తెలిసివచ్చినది మద్రాసులో.

అప్పటికి కోస్తా జిల్లాలకును రాయలసీమకును మద్రాసే రాజధాని. 1886లో ఏర్పడిన బర్మా ఆయిలు కంపెనీ వారి తొట్లు ఆ రేవు ప్రక్కన, సముద్రము నుండి చూచువారికి చక్కగా కనబడునట్లు నిలిచియుండెను. 1914 సెప్టెంబరు 22వ తేది రాత్రి సుమారు తొమ్మిదిన్నర గంటలకు ఎండెన్ అను జర్మను యుద్ధనౌక చీకటిలో వచ్చి, దీపము వేసి గురిచూచుకొని, ఆ తొట్లపై గుండ్లు కురిపించెను. దాని కప్తాను కార్ల్ ఫాన్ ముల్లర్. అరగంట లోపల నూరింటికి పైగా గుండ్లు వచ్చి పడెను. రెండు తొట్లు మండిపోయి, ఇంచుమించు మూడున్నర లక్షల గ్యాలన్ల నూనె బూడిదయ్యెను. ఆ వెలుగు సముద్రము మీద చాల దూరమునకు కనిపించెను. మరునాటి నుండి వేలకొలది జనము మూటలు కట్టుకొని రైళ్లెక్కిరి. ఆ నవంబరు 9వ తేదిన కోకోస్ దీవుల యొద్ద సిడ్నీ అను ఆస్ట్రేలియా నౌక ఎండెన్‌ను రూపుమాపెను గాని, ఆ పేరు మాత్రము పోలేదు. గడుసువానిని, గండరగండని ఎండెన్ యనుట అరవ దేశమున నేటికిని వినబడును.

యుద్ధచరిత్ర వ్రాయువారు ఆ రాత్రి జనుల భయమును లెక్కించిరి. మేము లెక్కించునది వేరు. నగరమునకు వెలుగునిచ్చు నూనెనంతను ఒకే చోట, బయలున, అడ్డు మరుగు లేక నిలుపుట ఎవరి ఆలోచన? తొట్టి ఎక్కడ కట్టవలెనను ప్రశ్నయే చమురు భద్రతలో మొదటి ప్రశ్న. దానిని మద్రాసు వారికి శత్రువు అడిగెను. పిమ్మట నూరేండ్లలో అదే ప్రశ్నను తుప్పు అడిగినది, అతుకు అడిగినది, నిద్రమత్తు అడిగినది. శత్రువు రానక్కర లేకయే తొట్లు పగిలినవి.

ఇక కట్ట మాట. చమురు తొట్ల చుట్టును మట్టితోనో కాంక్రీటుతోనో ఒక గోడ కట్టుదురు. ఇంజనీర్లు దానిని డైకు అందురు. మన దేశపు నిబంధన ప్రకారము, ఆ గోడ లోపలి తొట్లలో అన్నిటికంటె పెద్దది పూర్తిగా పగిలి ఖాళీ యైనను ఆ చమురంతయు గోడ లోపలనే నిలువవలెను. గోడ యెత్తు ఒక మీటరునకు తగ్గరాదు, రెండు మీటర్లకు మించరాదు. తగ్గరాదనుట సరే, మించరాదనుట యేల? మంటలార్పువారు ఎక్కి దిగవలెను, లోపల నేమి జరుగుచున్నదో వెలుపలివారికి కనబడవలెను, ఆవిరి గుంటలో పేరుకొనక గాలికి చెదరిపోవలెను. కట్ట మరీ ఎత్తైన అదే బావియగును.

లెక్క బాగున్నది. కాని లెక్క నిలువనీటికి గాని పొంగునీటికి కాదు. గండి పడిన చెరువు నీరు మెల్లగా పారదు, గోడ వలె లేచి వచ్చును. ఇది చూచినవారికే తెలియును. 1988 జనవరి 2వ తేదిన అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున ఫ్లోరెఫ్ అను చోట ఆష్‌లాండు కంపెనీ వారి డీజిలు తొట్టి ఒక్కసారిగా పైనుండి క్రింది దాక చీలిపోయెను. అది నలువది యేండ్ల నాటి పాత తొట్టి. వేరొక చోట విప్పి తెచ్చి ఇక్కడ మరల అతికిరి. నిండుగా నింపుట అదే మొదటిసారి. దాదాపు 38 లక్షల గ్యాలన్ల డీజిలు కెరటమై లేచి చుట్టుకట్టను దాటి దూకినది. అందులో సుమారు ఏడున్నర లక్షల గ్యాలన్లు వాననీటి కాలువలో పడి మొనాంగహీలా నదిని చేరి, అటనుండి ఒహయో నదిలో కలిసెను. ఇంచుమించు పది లక్షల మంది త్రాగునీటికి ముప్పు వాటిల్లెను.

ఆ తొట్టిని నింపక మునుపు నిండుగా నీరు పోసి పరీక్షించుట ఆచారము. ఇక్కడ కొద్ది అడుగుల మేరకే నీరు పోసి చాలించిరి. క్రొత్త కట్ట వేసిన యేడు తొలివానకు ఊరి పెద్దలు రాత్రియంతయు లాంతరుతో కట్టమీద తిరుగుదురు గదా! ఆ బుద్ధి అక్కడి కంపెనీవారికి లేకపోయెనే యని ఈ వృత్తాంతము చదివినపుడెల్ల మాకనిపించును.

ఇంతకు పూర్వమే జపానులో మరియొక వింత జరిగియుండెను. 1974 డిసెంబరు 18వ తేదిన మిజుషిమా శుద్ధి కర్మాగారమున నొక తొట్టి అడుగున పగిలెను. వెడలిన ఉరవడికి తొట్టి ప్రక్కన నిలిపిన మెట్లు ఊడి ఎగిరిపోయి కట్టమీదనే పడి దానిని బ్రద్దలు చేసినవి. రక్షణకై కట్టిన కట్టను తొట్టి మెట్లే కూల్చినవన్నమాట. వెడలిన చమురు 42,888 కిలోలీటర్లు. అందులో వేల కిలోలీటర్లు సేతో లోసముద్రమున పడి, అచటి నాచు సాగును చేపల పెంపకమును నాశనము చేసెను. మరుసటి సంవత్సరమే జపాను ప్రభుత్వము చమురు నిలువ చేయు ప్రాంతముల కొరకు ప్రత్యేక శాసనము చేసినది.

ఇప్పుడు తూము సంగతి చెప్పవలెను. మా దృష్టిలో ఈ కథకంతకును ఇదియే కీలకము. చమురు తొట్టి చుట్టు కట్ట వేసిన పిమ్మట వాన రాక మానదు. వాన వచ్చిన కట్ట లోపల నీరు నిలుచును. ఆ నీటిని బయటికి పంపుటకు గోడకొక గొట్టము, గొట్టమునకొక వాల్వు అమర్తురు. అదియే తూము. నిబంధన యేమనగా, ఆ వాల్వు ఎల్లప్పుడును మూసియుండవలెను. వాన వెలిసిన పిమ్మట మనిషి వచ్చి, నీటిపై చమురు తెట్టు లేదని చూచి, తెరచి, నీరు పోయిన వెంటనే మరల మూయవలెను. మన గ్రామములలో ఈ పనికి నీరటికాడు ఉండెను. అతని పని చిన్నదిగా కనబడును. కాని అతడు తూము మరచినచో చెరువు ఖాళీ యగును. చమురు డిపోలో నీరటికాడు మరచినచో ఏమగునో జయపురములో తెలిసినది.

2009 అక్టోబరు 29వ తేది. రాజస్థాను రాజధాని జయపురమున, సీతాపుర యను పారిశ్రామిక వాడలో ఇండియన్ ఆయిలు వారి డిపో. సాయంకాలము ఆరు గంటలు దాటినది. ఒక తొట్టి నుండి ప్రక్కనున్న వేరొక కంపెనీ డిపోకు పెట్రోలు పంపుటకు వాల్వులు సరిచేయుచుండగా, ఒక హామర్ బ్లైండ్ వాల్వు నుండి పెట్రోలు పెద్ద ధారగా చిమ్మెను. ఆవిరికి అచటి పనివారు స్పృహ తప్పిరి. తొట్టి వాల్వును దూరము నుండి మూయు ఏర్పాటు పనిచేయుస్థితిలో లేదు. ఆవిరిలో ఊపిరి పీల్చుకొని లోనికిపోగల పరికరము చేతికందలేదు. కట్ట తూము మాత్రము తెరచియుండెను. పెట్రోలు దానిగుండా వాననీటి కాలువలలోనికి పారి ఆవరణమంతట వ్యాపించెను. గంటంబావు కాలములో దాదాపు వేయి టన్నులు వెడలినవి. ఏడున్నర ప్రాంతమున ఎచటనో నిప్పురవ్వ తగిలి, ఆవిరి మేఘమంతయు ఒక్కపెట్టున పేలినది. పదునొకండు మంది మరణించిరి. ఆర్పు దారిలేక తొట్లను కాలనిచ్చిరి. మంటలు పదునొకండు దినముల వరకు మండినవి. అదే నెల మొదట తుంగభద్రా కృష్ణల వరదలో కర్నూలు, ఆలంపూరు మునిగియుండినందున మన వారి చూపులు అప్పుడు ఇటే యుండెను, జయపురపు వార్త మనలో పలువురికి చెవిని పడి పోయినది.

ఎం.బి.లాల్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘము ఈ సంగతులన్నియు విడదీసి చూపినది. అది చదువుచుండగా మనస్సును కలచునది పేలుడు కాదు. ఆ గంటంబావు కాలము. అంతసేపు పెట్రోలు ధార కట్టుచుండగా ఏమి చేయవలెనో కాగితముపై వ్రాసియుండెను. చేయగలవారు నిలబడియుండలేదు, చేయుటకు సాధనము లేదు.

ఇంతకు నాలుగేండ్ల పూర్వమే ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ డిపో ఈ పాఠమంతయు చూపియుండెను. 2005 డిసెంబరు 11వ తేది, ఆదివారము తెల్లవారుజామున అచట ఒక తొట్టికి పెట్రోలు ఎక్కించుచుండగా మట్టము చూపు పరికరము బిగుసుకొనిపోయెను. నిండిన తొట్టి నిండలేదనియే అది చెప్పుచుండెను. అది తప్పినచో పంపును ఆపవలసిన రెండవ సాధనమును పనిచేయలేదు. తొట్టి పైనుండి పొర్లిన పెట్రోలు ఆవిరియై ఆరు గంటల వేళ పేలెను. ఆదివారమగుటచే ప్రాణములు పోలేదు; 43 మంది గాయపడిరి. అచటి కట్టలు చూచుటకు దిట్టముగానే యుండెను. కాని కాంక్రీటు అతుకుల వద్దను, గొట్టములు గోడలో దూరిన చోట్లను సందులు విచ్చినవి. చమురును, మంటలార్పుటకు చల్లిన నురుగును కలిసి ఆ సందులగుండా భూమిలోనికి ఇంకి ఊటనీటిని చెరచినవి. మన చెరువు కట్టకు ఎండ్రకాయ బొరియ యెట్టిదో వారి కట్టకు ఆ సందు అట్టిది. పగటి వెలుగులో పెద్దగండి అందరికిని కనబడును. బొరియను వెదకువాడు వెదకవలసినదే.

తెలుగునాట విశాఖపట్టణమున 1957లో కాల్టెక్స్ కంపెనీ శుద్ధి కర్మాగారము నెలకొల్పెను. 1976లో ప్రభుత్వము దానిని తీసికొనగా, పిమ్మట అది హిందుస్థాన్ పెట్రోలియములో కలిసినది. 1997 సెప్టెంబరు 14వ తేది ఉదయమున అచట ఓడ నుండి వంటగ్యాసు దింపు గొట్టము కారి, మేఘమై వ్యాపించి, అంటుకొని, ప్రక్కనున్న చమురు తొట్లను కూడ మండించెను. సుమారు అరువది మంది ప్రాణములు గోల్పోయిరి. వాయువును కట్ట ఆపజాలదు. కట్టయే చాలునని నిశ్చింతగా నుండరాదనుటకు ఆ ఉదయమే సాక్ష్యము.

శాసనముల చరిత్ర పొడుగైనది, దానిని వేగముగా దాటుదము. మన దేశమున 1899లో ఒకటి, 1934లో ఇప్పటికిని అమలులోనున్న పెట్రోలియము చట్టము వచ్చినవి. భోపాలు ఘోరము తరువాత 1986లో చమురు పరిశ్రమ భద్రతా సంచాలక కార్యాలయము ఏర్పడెను. అపాయకరమైన రసాయనములను నిలువ చేయువారు తమ ఆవరణలోని ఆపదకు తామే ప్రణాళిక వ్రాసియుంచవలెననియు, ఆవరణ దాటిన ఆపదకు జిల్లా యధికారి ప్రణాళిక సిద్ధపరుపవలెననియు 1989 నాటి నియమములు చెప్పుచున్నవి. సముద్రముపై చమురు తెట్టు పని తీరరక్షక దళమునకు అప్పగించుచు 1996లో జాతీయ ప్రణాళిక వెలువడెను. అమెరికావారు 1973లో చేసిన నియమము మాకు ప్రత్యేకముగా నచ్చినది. తొట్టి గలవాడెల్ల ముందుగా మూడు సంగతులు వ్రాసికొనవలెనని దాని సారాంశము: ఎచట పగులును, ఎటు పారును, ఎచట ఆపుదును. దానిపై ఇంజనీరు చేవ్రాలు చేయవలెను. రెండవ ప్రశ్నకు జవాబు చెప్పవలెనన్న పల్లము తెలియవలెను, వాగు తెలియవలెను, వాన తెలియవలెను. ఫ్లోరెఫ్ వారికి ఈ నియమము ఉండనే యున్నది. వాననీటి కాలువ ఎటు పారునో మాత్రము కట్ట వేసినవారు కనిపెట్టలేకపోయిరి.

వాన తెలియవలెననుటకు నిన్నమొన్నటి నిదర్శనము కలదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన బాపట్ల యొద్ద తీరము దాటుటకు ముందు చెన్నైను ముంచెత్తెను. మణలి ప్రాంతపు శుద్ధి కర్మాగారము వైపునుండి వరదనీటితో పాటు చమురు బకింగ్‌హాము కాలువలో పడి ఎన్నూరు కయ్యను చేరెను. నెల్లూరు మీదుగా మన తీరము వెంట సాగిన ఆ పాత కాలువయే యిది. బెస్తల పడవలు, వలలు నల్లబడినవి. మడచెట్ల వేళ్లకు తెట్టు పట్టినది. కొన్ని దినముల వరకు బెస్తలే మగ్గులతో, బకెట్లతో ఆ తెట్టును తోడుచుండిరి. ఇచట పగిలిన తొట్టి లేదు, పేలుడు లేదు. నేలపై నున్న చమురును వరద యెత్తుకొనిపోయెను. ఇట్టి వరద వచ్చునని ప్రణాళికలో ఎవరును వ్రాసికొనియుండలేదని తోచుచున్నది.

లింగాల వంటి ఊరికి చమురు లారీలలో వచ్చును. విశాఖ నుండి విజయవాడ మీదుగా సికింద్రాబాదు చేరు గొట్టపు మార్గము ఉన్నది, అటుపై రోడ్డుదారి. సలేశ్వరము జాతరకు పోవు యాత్రికుల బండ్లు ఆగి పెట్రోలు పోసికొను బంకులో తొట్టి కంటికి కనబడదు, భూమిలో నుండును. దానికి చుట్టుకట్ట లేదు, మట్టియే కట్ట. నేలపై తొట్టి కారిన చూచినవాడు కేక వేయును. భూమిలో తొట్టి కారిన కేక వేయువాడుండడు. ప్రక్కనున్న బోరు నీటిలో వాసన వచ్చిన నాటికి నెలలు గడచియుండును. బండరాతి నేలలో నీరు పగుళ్ల వెంట పారును, చమురును ఆ పగుళ్లనే పట్టుకొని పోవును. ఒకసారి చెడిన ఊటను మరల త్రాగునట్లు చేయుట ఎంతో కష్టము, బోరు మీద బ్రతుకు ఊరికి ఇది చిన్న మాట కాదు.

అందుచేత బంకు నడుపువాడు దినమునకొకసారి తొట్టిలో కొలబద్ద దింపి, నిన్నటి నిలువ ఎంత, వచ్చినది ఎంత, అమ్మినది ఎంత, మిగిలినది ఎంత అని సరిచూచుకొనును. చూచువారికి ఇది దొంగతనము పట్టుటకు వేయు లెక్క వలె కనబడును. ఊరి నీటిని కాచునదియు ఆ లెక్కయే. దినదినమును కొంచెము కొంచెము తరుగు కనబడి, దానికి కారణము దొరకకున్నచో అమ్మకము ఆపి తొట్టిని పరీక్షింపవలెను. కొలబద్ద కొసకు ఒక లేపనము పూసి దింపినచో అడుగున నీరు చేరినదియు తెలియును. నీరు లోనికి వచ్చు చోట చమురు వెలికి పోవుటకును దారి ఉన్నట్లే.

లారీ వచ్చినపుడు మరింత మెలకువ కావలెను. ముందుగా లారీకి భూతీగ తగిలింతురు. తరువాత తొట్టిలో ఎంత ఖాళీ యున్నదో కొలబద్దతో చూచి, వచ్చిన సరకు అందులో పట్టునని తెలిసికొందురు. ఆ పిమ్మటనే గొట్టము బిగింతురు. చమురు దిగినంతసేపు డ్రైవరును బంకు మనిషియు అచటనే నిలిచియుందురు. చేరువలో ఇసుక బకెట్లుండును.